రంగు పోలేదు... టీవీయే ఆపేసింది!

మారియో టోపీ ఎర్రగా ఉండాలి. గొట్టాలు ఆకుపచ్చగా మెరవాలి. తీరా చూస్తే టోపీ బూడిద రంగు, గొట్టాలు బూడిద రంగు, వెనక ఆకాశం ఇంకాస్త లేత బూడిద రంగు! బొమ్మ మాత్రం చెక్కుచెదరదు. పాట వినిపిస్తూనే ఉంటుంది. బటన్ నొక్కితే మారియో ఎగురుతూనే ఉంటాడు. రంగొక్కటే మాయం.

ఎండాకాలం సెలవుల్లో అటక దులిపి, పాతికేళ్ల కిందటి వీడియో గేమ్ పెట్టెను కిందికి దించిన ఇళ్లలో ఈ చిత్రం మామూలే. నాన్న చిన్నప్పుడు ఆడిన ఆటను పిల్లలకు చూపిద్దామని సరదా. కొత్త ఎల్ఈడీ టీవీకేమో పాత వైర్లు పెట్టే చోటు ఉండదు. బజారుకెళ్లి 'ఏవీ టు హెచ్‌డీఎంఐ' అని రాసి ఉన్న చిన్న కన్వర్టర్ తెస్తారు. అన్నీ తగిలించి స్విచ్ వేస్తే... తెరంతా నలుపూ తెలుపూ! 'మీ చిన్నప్పుడు రంగులు లేవా నాన్నా?' అని పిల్లల వెక్కిరింత.

అసలు నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఇంకో కన్వర్టర్ కొంటారు. అదీ అంతే. పెట్టె పాడైందనుకుని విప్పిస్తారు. అప్పటిదాకా బాగానే ఉన్న అతుకులు ఆ విప్పడంలో ఊడతాయి. చివరికి పాతసామాన్ల బండిలోకి. నిజానికి చాలాసార్లు ఆ పెట్టెకు ఏ జబ్బూ ఉండదు. రంగు దాంట్లోంచి బయల్దేరింది. దారిలో ఎవరో దాన్ని గుర్తుపట్టలేక గుమ్మంలోనే ఆపేశారు. ఆ గుమ్మం ఏదో కనిపెడితే చాలు.

ముగ్గు మీద రంగులు

సంక్రాంతి ముగ్గు ఎలా వేస్తారు? ముందు తెల్లపిండితో గీతలు. ఆ తర్వాత గళ్లలో రంగులు. రంగులు అద్దకపోయినా ముగ్గు ముగ్గే. పాతకాలపు టీవీ సిగ్నల్ కూడా సరిగ్గా ఇంతే. వెలుగునీడల బొమ్మ తెల్లగీతల ముగ్గు. దాని మీద రంగును మరో సన్నని అలగా కలిపి పంపుతారు.

ఇలా ఎందుకు చేశారంటే, 1953లో అమెరికా రంగుల ప్రసారాల పద్ధతిని ఖరారు చేసేనాటికే అక్కడ లక్షల ఇళ్లలో బ్లాక్ అండ్ వైట్ టీవీలు ఉన్నాయి. అవన్నీ ఒక్కరోజులో పనికిరాకుండా పోతే జనం ఊరుకుంటారా? అందుకే పాత టీవీ రంగును పట్టించుకోకుండా బొమ్మను మాత్రం చూపించేలా, కొత్త టీవీ రెండూ చూపించేలా ఏర్పాటు చేశారు. ఆ మర్యాద ఫలితమే ఇప్పుడు మనింట్లో బూడిద మారియో.

కచేరీకి ముందు శ్రుతి సరిచూసుకున్నట్టు, రంగుల సిగ్నల్‌లో ప్రతి గీత మొదట్లోనూ ఓ చిన్న శ్రుతి వినిపిస్తుంది. దాన్ని కలర్ బర్స్ట్ అంటారు. మన పద్ధతిలో ఒక గీత పూర్తికావడానికి 64 మైక్రోసెకన్లు పడితే, అందులో ఈ శ్రుతికి దక్కేది రెండుంపావు మైక్రోసెకన్లు. టీవీ దాంతో తన శ్రుతి కలుపుకొని రంగులు విప్పుతుంది. శ్రుతి దొరకలేదో, దొరికినా తను ఎరిగింది కాదో... వచ్చింది నలుపు తెలుపు ప్రసారమే అనుకుని రంగును పూర్తిగా కట్టేస్తుంది. ఆ పని చేసే సర్క్యూట్ పేరు కలర్ కిల్లర్. వినడానికి క్రైమ్ సీరియల్‌లా ఉన్నా మంచి ఉద్దేశంతో పెట్టిందే. అది లేకపోతే తెరనిండా పిచ్చి రంగులు మెరుస్తుంటాయి.

పాల్వంచలో 50, అమెరికాలో 60

ఎవరి శ్రుతి వారిదే కావడం వల్లే ఈ గొడవంతా. అమెరికా, జపాన్‌లది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి. పశ్చిమ జర్మనీలో టెలిఫుంకెన్ కంపెనీ ఇంజినీరు వాల్టర్ బ్రుక్ రూపొందించింది పాల్. 1967లో జర్మనీ, బ్రిటన్‌లలో పాల్ రంగుల ప్రసారాలు మొదలయ్యాయి. 1982లో, ఢిల్లీ ఏషియాడ్ జరిగిన ఏడాది, మన దూరదర్శన్ రంగుల్లోకి మారినప్పుడు ఎంచుకున్నదీ పాలే. పాల్వంచ పేరులోనే 'పాల్' ఉందని ఎవరైనా జోకేస్తే కాదనలేం!

ఆ మాటకొస్తే పాల్వంచవాళ్లకు ఈ లెక్క వేరేవాళ్లకన్నా తొందరగా అర్థమవుతుంది. 1966లో కరెంటు ఉత్పత్తి మొదలుపెట్టిన కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్ ఉన్నది ఇక్కడే. అక్కడ పనిచేసినవాళ్లను ఎవర్ని కదిపినా కరెంటు 50 సైకిల్స్ అనీ, దానికోసం టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు తిరగాలనీ చెబుతారు. టీవీ పుట్టిన కొత్తలో చాలా దేశాల్లో తెర మీద బొమ్మ మారే వేగాన్ని అక్కడి కరెంటు సైకిల్స్‌కు సరిపెట్టారు. లేదంటే తెర మీద మసక పట్టీలు పాకేవి. మనకు కరెంటు 50 సైకిల్స్ కాబట్టి టీవీ సెకనుకు 50 సార్లు తెరను దువ్వుతుంది. అమెరికాలో 60. మన బొమ్మలో 625 గీతలు, వాళ్లది 525. రంగు అల ఇక్కడ సెకనుకు 44.33 లక్షల సార్లు ఊగితే, అక్కడ 35.79 లక్షల సార్లే. టీవీ శ్రుతి కలవనిది ఇక్కడే.

ఆ పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ 2024 ఆగస్టులో కూల్చేశారు. ఆ టవర్ల నీడలో పెరిగిన పిల్లలు ఎప్పుడో చదువులకూ ఉద్యోగాలకూ హైదరాబాద్, అమెరికా చేరారు. వాళ్లాడుకున్న పెట్టెలు మాత్రం ఇంకా అటకల మీదున్నాయి.

ఆ పెట్టెలు రెండు రకాలు. తొంభైల్లో మన బజార్లో దొరికిన లిటిల్ మాస్టర్, సమురాయ్ లాంటివీ, పేరూ ఊరూ లేని చైనా పెట్టెలూ ఒక రకం. మన టీవీలకు అమ్మడానికి వచ్చినవి కాబట్టి వీటిలో ఎక్కువగా ఉండేది పాల్. రెండోది, అమెరికా నుంచి మేనమామో బాబాయో సూట్‌కేసులో పెట్టుకొచ్చింది. అది ఎన్‌టీఎస్‌సీ. రంగు తగాదా దీనితోనే ఎక్కువ. పెట్టె అడుగున అంటించిన కాగితం మీద ఏ పద్ధతో రాసి ఉంటే సరే సరి. కరెంటు దగ్గర 120 వోల్టులు, 60 సైకిల్స్ అని ఉంటే అది అమెరికా సరుకు. అడాప్టర్ చూడకుండా మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే రంగు సంగతి దేవుడెరుగు, పెట్టే కాలిపోతుంది.

ముందు పచ్చ సాకెట్ చూడండి

కన్వర్టర్ లేకుండా నేరుగా టీవీకే కలిపినా రంగు రావడం లేదంటే, మొదట చూడాల్సింది పసుపు వైరు ఎక్కడుందో. గేమ్ పెట్టె నుంచి మూడు పిన్నులొస్తాయి. పసుపుది బొమ్మ. తెలుపు, ఎరుపులది శబ్దం. టీవీ వెనక ఆకుపచ్చ, నీలం, ఎరుపు సాకెట్లు మరో మూడు ఉండొచ్చు. అవి కాంపోనెంట్‌వి. వాటిలో పచ్చది వెలుగునీడలకే, అంటే తెల్లగీతల ముగ్గుకే. పసుపు పిన్ను అందులో పెడితే బొమ్మ చక్కగా వస్తుంది, రంగు రాదు. కొన్ని టీవీల్లో చోటు కలిసొస్తుందని ఈ రెంటికీ ఒకే సాకెట్ ఇచ్చి, పచ్చ చుట్టూ పసుపు గీత గీస్తారు. అలాంటిచోట పిన్ను మార్చే పని లేదు. టీవీ మెనూలో కాంపోనెంట్ బదులు ఏవీ ఎంచుకోవాలి.

ఆ మెనూలో ఉండగానే ఇంకో రెండు చూడొచ్చు. చాలా టీవీలు రంగు, వెలుతురు అమరికలను ఒక్కో ఇన్‌పుట్‌కు విడిగా గుర్తుపెట్టుకుంటాయి. కేబుల్ చానల్ రంగుల్లో వస్తోందంటే ఏవీలోనూ రంగు గీత పైకే ఉందని కాదు. రెండోది కలర్ సిస్టమ్. దాన్ని ఆటోలో వదిలితే ఒక్కోసారి టీవీ తప్పుగా ఊహిస్తుంది. పాల్, ఎన్‌టీఎస్‌సీ ఒక్కొక్కటీ పెట్టి చూడాలి. రంగు ఠక్కున వచ్చేస్తే పని అయిపోయినట్టే.

కన్వర్టర్ మధ్యలో ఉంటే టీవీ మెనూ తిప్పి లాభం లేదు. రంగు విప్పే పని అప్పుడు కన్వర్టర్‌ది. దాని పక్కన 720, 1080 అని రాసిన స్విచ్ ఉంటుంది. రంగు కోసం దాన్ని అటూ ఇటూ కదుపుతూ కూర్చునేవాళ్లు బోలెడుమంది. అది టీవీకి పంపే బొమ్మ సైజు మాత్రమే. పాల్, ఎన్‌టీఎస్‌సీ అని రాసిన స్విచ్ ఉంటేనే రంగుకు పనికొస్తుంది. ఆ స్విచ్ లేని రకాల్లో కన్వర్టరే వాసన పట్టాలి. కాబట్టి ముందు గేమ్ ఆన్ చేసి, ఆ తర్వాత కన్వర్టర్‌కు కరెంటివ్వాలి. టీవీ యూఎస్‌బీ నుంచి కాకుండా ఫోన్ చార్జర్ నుంచి ఇచ్చి చూడటం మంచిది.

ఎస్-వీడియో వైరుంటే మరో తిరకాసు. అందులో బొమ్మ ఒక తీగలో, రంగు వేరే తీగలో వస్తాయి. దాన్ని పసుపు పిన్నుకు మార్చే చవక తోకల్లో రంగు తీగను కొన్నిసార్లు కలపనే కలపరు. అలాంటప్పుడు ఏ మెనూలో వెతికినా రంగు దొరకదు.

ఇవేవీ కుదరకపోతే పక్కింట్లో డబ్బా టీవీ ఇంకా ఉందేమో కనుక్కోండి. తొంభైల చివర్లో వచ్చిన రంగుల టీవీల్లో చాలావాటికి రెండు పద్ధతులూ తెలుసు. అక్కడ రంగొస్తే పెట్టె భేషుగ్గా ఉన్నట్టు. అక్కడా రాకపోతేనే మెకానిక్ దగ్గరికి. రంగు అల వేగం పెట్టెలోని క్రిస్టల్ నుంచే వస్తుంది. వయసు మీదపడి అది కాస్త అటూ ఇటూ అయినా టీవీ ఒప్పుకోదు. కొన్ని బోర్డుల మీద దాని పక్కనే సరిచేసే చిన్న స్క్రూ ఉంటుంది. వెంట్రుకవాసి తిప్పితే చాలు. ఇంట్లో స్క్రూడ్రైవర్ ఉందని అందరూ తిప్పాల్సింది మాత్రం కాదు.

రికార్డు నొక్కే ముందు

ఆటలో రంగు రాకపోతే మళ్లీ ప్రయత్నించొచ్చు. పెళ్లి క్యాసెట్ విషయంలో అంత తీరిక లేదు. దానికీ ఇదే జబ్బు, పైగా కాలం గడిచేకొద్దీ ముదురుతుంది. అడవి అంచున ఉన్న ఊళ్లలో వానాకాలం నాలుగు నెలలూ బీరువాలో ఉన్న వీహెచ్ఎస్ క్యాసెట్‌కు బూజు పట్టకుండా ఉంటే అదృష్టమే. జపాన్‌కు చెందిన ఫునాయ్ 2016లో వీసీఆర్‌ల తయారీ ఆపేశాక కొత్త వీసీఆర్ అన్నదే లేదు. ఉన్నవాటితోనే సర్దుకోవాలి.

కంప్యూటర్‌లోకి ఎక్కించే చిన్న యూఎస్‌బీ పరికరాల సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు ఎన్‌టీఎస్‌సీలోనే తెరుచుకుంటుంది. మన క్యాసెట్ పాల్. చూసుకోకుండా రికార్డు నొక్కితే మూడు గంటల పెళ్లీ నలుపు తెలుపులో ఎక్కుతుంది. అమెరికా నుంచి అమ్మాయి పంపిన సీమంతం క్యాసెట్‌దేమో ఇంకో వింత. 'పాల్ టీవీలో ఎన్‌టీఎస్‌సీ' అనే సదుపాయమున్న వీసీఆర్‌లు దాన్ని అటూ ఇటూ కాని సంకరంగా మార్చి పంపుతాయి. సెకనుకు 60 సార్లు మారే అమెరికా బొమ్మకు మన పాల్ రంగు! టీవీ దాన్ని సర్దుకుపోయి రంగుల్లో చూపిస్తుంది. రికార్డు చేసే పరికరం మాత్రం అంత మంచిది కాదు, రంగు వదిలేస్తుంది. టీవీలో రంగు కనిపించిందని ధీమాగా ఉండకుండా కంప్యూటర్ తెర మీద చీర రంగు చూసి మొదలుపెట్టాలి. మల్టీసిస్టమ్ వీసీఆర్ ఉంటే అసలు ఎన్‌టీఎస్‌సీ సిగ్నలే బయటికి ఇచ్చేలా పెట్టుకోవచ్చు.

రంగు లేకుండా ఎక్కిన ఫైలుకు తర్వాత రంగు తెప్పించడం ఇంట్లో అయ్యే పని కాదు. బ్రిటన్‌లో ఒకసారి అద్భుతం జరిగింది. బీబీసీ వారి 'డాడ్స్ ఆర్మీ' సీరియల్‌లో ఒక ఎపిసోడ్‌కు మిగిలింది నలుపు తెలుపు ఫిలిం కాపీయే. అందులో సన్నని చుక్కలుగా దాగిపోయిన రంగు సిగ్నల్‌ను ఇంజినీర్లు పట్టుకుని, అసలు రంగులు తిరిగి రాబట్టారు. 2008లో ఆ ఎపిసోడ్ మళ్లీ రంగుల్లో ప్రసారమైంది. మన పెళ్లి వీడియో కోసం అంతమంది ఇంజినీర్లు ఎక్కడ దొరుకుతారు? క్యాసెట్ బాగున్నంతకాలం మళ్లీ రికార్డు చేసుకోవడమే దారి. కాబట్టి ఫైలు చేయించాం కదా అని క్యాసెట్ పారేయొద్దు.

ఇక చివరిగా తుపాకీ సంగతి. రంగులన్నీ తిరిగొచ్చాక పిల్లలు బాతుల వేట క్యాసెట్ పెడతారు. ఎంత గురిపెట్టినా ఒక్క బాతూ పడదు. అది రంగు జబ్బు కాదు, తుపాకీ జబ్బూ కాదు. డబ్బా టీవీ తెర మీద వెలుగు ఏ క్షణాన పడుతుందో లెక్కగట్టి పనిచేసే తుపాకీ అది. కొత్త టీవీ ఆ లెక్కకు అందదు, కన్వర్టర్ చేసే ఆలస్యం దానికి తోడు. బాతులు కొట్టాలంటే పక్కింటి డబ్బా టీవీ దగ్గరికే వెళ్లాలి.