చివరి రెండు పీసులు

రంజాన్ ఇంకా మూడు వారాలు ఉందనగా మా ఆపా కూతురు ఇంటికొచ్చింది. సలాం చెప్పి, చెప్పులైనా విప్పకముందే "మామూ, నా పేజీ ఫాలో చేయండి, మీ దోస్తులతో కూడా చేయించండి, మార్కులున్నాయి" అంది. బీబీఏ రెండో సంవత్సరం చదువుతోంది మా భాంజీ. డిజిటల్ మార్కెటింగ్ ప్రాజెక్టు కింద ఏదైనా అస్లీ దుకాణానికి నెల రోజులు ఇన్‌స్టాగ్రామ్ పేజీ నడపాలట. ఎందరు చూశారు, ఎందరు లైక్ కొట్టారు, ఎందరు కొన్నారు, అన్నీ లెక్కగట్టి రిపోర్టు రాయాలట. తమ మొహల్లాలోనే ఒక బట్టల దుకాణం పట్టుకుంది. షరారాలు, ఖడా దుపట్టాలు, ఈద్ జోడాలు.

ఏ మామూ కాదంటాడు? నేను ఫాలో చేసి ఊరుకోలేదు, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కూడా పడేశాను. "మా భాంజీ పేజీ, మంచి మాల్, చూడండి" అని. ఆ మాల్‌ని నేను కళ్లతో చూడలేదు, చేత్తో ముట్టలేదు.

మొదటి వారం పిల్ల చేసిన పనికి ముచ్చటేసింది, మాషాఅల్లా. కార్చోబ్ ముందు కూర్చున్న ముసలి కారీగర్ వేళ్లను దగ్గర్నుంచి తీసింది. ఒక దుపట్టా అంచుకి ఎన్ని రోజులు పడుతుందో ఆయన నోటితోనే చెప్పించింది. చూసినవాళ్లు రెండొందల చిల్లర. క్లాసులో మిగతావాళ్ల లెక్కలు వేలల్లో ఉన్నాయి. రెండో వారం నుంచి పేజీ తీరు మారింది. "చివరి రెండు పీసులు! ఇవాళ రాత్రి 12 వరకే!" తెల్లారితే మళ్లీ చివరి రెండు పీసులు. ఒక సహేలీకి ముఫ్త్‌గా ఒక జోడా ఇచ్చి, "నా ఈద్ షాపింగ్ అయిపోయింది, మరి మీది?" అని రీల్ చేయించారు. 500 రూపాయలు కట్టి, చుట్టుపక్కల 10 కిలోమీటర్లలో ఉన్న 18 నుంచి 35 ఏళ్ల ఆడవాళ్ల ఫోన్లకు దాన్ని తోయించారు. చూసినవాళ్ల లెక్క 40,000 దాటింది.

మా పైఅంతస్తు భాభీ మాత్రం ఆ తోపుడు వల్ల చూడలేదు, నేను పెట్టిన మెసేజ్ పట్టుకుని వెళ్లింది. ఈద్ తర్వాత కూతురి మంగ్నీ ఉందని 4,200 పెట్టి జరీ షరారా తెప్పించింది. మంగ్నీ పూట గడవకముందే చెమట తగిలిన చోటల్లా జరీ నల్లబడింది. నఖ్లీ జరీ. సేల్ మాల్, వాపసీ లేదన్నాడు దుకాణదారు. రెండుసార్లు అక్కడికి తిరిగి, మూడోసారి ఆమె మా తలుపు కొట్టింది. "భాయ్‌సాబ్, ఆ దుకాణం ఎవరిదో నాకేం ఎరుక? మీరు పెట్టారని కొన్నాను."

ఆ కోపమంతా భాంజీ మీద దింపాను. ధోకా అన్నాను, ఝూట్ అన్నాను, మీ నానా ఉంటే ఏమనేవారో అన్నాను. తలొంచుకుని అంతా విని, చివర్న మెల్లగా అడిగింది: "మామూ, ఆప్ భీ తో యహీచ్ కర్తే థే నా? ఓ ర్యాంకుల పేజీ?"

నాకు జవాబ్ దొరకలేదు.

20 ఏళ్ల కిందటి సంగతి అది. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన కుర్రాణ్ని, తెలుగు బాగా రాస్తాడని డెస్క్‌లో పేరు. ఆ పేరుకు దక్కిన ఇనామ్ ఏమిటంటే, అడ్మిషన్ల సీజన్ రాగానే కాలేజీల 'ప్రత్యేక పేజీ' నాచేత రాయించేవారు. అచ్చం వార్తలాగే రాసేవాణ్ని. శీర్షిక, ఫొటో, మిఠాయి తినిపిస్తున్న అమ్మానాన్నలు. పై మూలన చీమ తలకాయంత అక్షరాల్లో 'అడ్వర్టోరియల్' అని ఉండేది, అదీ ఇంగ్లీషులో. ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అని టీవీల్లో ఊపిరాడకుండా చదివే ర్యాంకులు తెలియని తెలుగువాడు ఉన్నాడా? ఏ ర్యాంకు ఏ పరీక్షదో, ఆ పిల్లవాడు అక్కడ ఎన్నాళ్లు చదివాడో నేను ఒక్కసారీ అడగలేదు. పొలం అమ్మి ఫీజు కట్టినవాళ్లలో నా పేజీ చదివినవాళ్లు ఎందరో, అల్లాకే తెలియాలి. ఇదంతా ఒక దావత్‌లో నవ్వుతూ చెప్పుకున్న కథ. పిల్లలు పక్కనే బిర్యానీ తింటున్నారు, వింటున్నారని అనుకోలేదు.

ఇష్తెహార్ అంటే నాకు నఫ్రత్ లేదు. కర్నూలు వన్‌టౌన్‌లో మా అబ్బాది కట్‌పీస్ దుకాణం. గొంతు చించుకుని అరిచేవారు. రంగు గ్యారంటీ అని ప్రతి గుడ్డకీ అనేవారు, అన్ని రంగులూ నిలిచేవి కావు. అబ్బాని ఫరిష్తాని చేయను. కానీ దుకాణదారు కేక దుకాణదారు కేకలాగే వినపడేది. ఇతను అమ్ముకుంటున్నాడని కొనేవాళ్లకు తెలుసు, అందుకే సగం ధరకు అడిగేవారు. పైగా కట్‌పీస్ అన్నాక ఐబ్ లేకుండా ఉండదు. కత్తెర పెట్టేముందు అబ్బా గుడ్డను వెలుతురుకి పట్టి, "ఇదిగో బీబీ, ఇక్కడ దారం పోయింది, చూసుకుని చెప్పండి" అనేవారు. ఐబ్ చూశాక కూడా కొనేవారు, నాలుగు రూపాయలు తగ్గించుకుని.

ఫోన్‌లో ఎవరు అమ్ముతున్నారో తెలియదు. ఇన్‌స్టాగ్రామ్ యజమాని మెటా 2023లో సంపాదించిన సుమారు 13,500 కోట్ల డాలర్లలో దాదాపు 13,200 కోట్లు ఇష్తెహార్ల సొమ్మే. మనం తెరని వేలితో పైకి తోస్తుంటే, మన కళ్ల ముందున్న జాగాకి రెప్పపాటులో హర్రాజు జరిగిపోతుంది. పాట పాడేవాడు మనకు కనపడడు. కనపడేది సహేలీ, భాంజీ, పక్కింటి భాయ్‌సాబ్. షరారాతో పాటు మా మీద భాభీకున్న భరోసా కూడా ఆ 4,200లోనే అమ్ముడుపోయింది.

పిల్ల పుస్తకం తిరగేశాను. ప్రొడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్. 1960లో మెకార్తీ చెప్పిన నాలుగు 'పీ'లు ఇంకా అలాగే ఉన్నాయి. ఐబ్ చెప్పడానికి అందులో పీ లేదు. కానూన్ లేదనుకోకండి. సొమ్ము గానీ ముఫ్త్ మాల్ గానీ తీసుకుని పొగిడితే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని, పొగిడిన భాషలోనే చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ అంది. (నా చీమతలకాయ ఇంగ్లీషు గుర్తొచ్చి సిగ్గేసింది.) అదే ఏడాది నవంబర్‌లో ఆన్‌లైన్ అమ్మకాల్లో చేయకూడని 13 మాయల జాబితా వచ్చింది. అందులో మొట్టమొదటిది లేని తొందర పుట్టించడం, అంటే మన చివరి రెండు పీసులే. 2019 చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జుర్మానా ఉంది. ఇవన్నీ భాంజీకి తెలుసు. "సిలబస్‌లో ఉంది మామూ, రెండు మార్కుల ప్రశ్న" అంది.

ప్రాజెక్టుకేమో 20. చూసినవాళ్లకు ఇన్ని, లైకులకు ఇన్ని, అమ్మకాలకు ఇన్ని. చెప్పింది నిజమా అనే దానికి సున్నా. లెక్చరర్‌ని తిట్టలేను, 60 మంది రిపోర్టులు దిద్దాలి, అంకెలైతే కూడుకోవచ్చు. అయినా నా మాట ఒకటుంది. నెల తర్వాత కొన్నవాళ్లలో ఐదుగురికి ఫోన్ చేసి, మాల్ చెప్పినట్టే ఉందా అని అడిగి రాసుకొస్తే 5 మార్కులు ఇవ్వండి. ఐదు ఫోన్లకు గంట చాలు. కాలేజీ ఇవ్వకపోతే ఇంట్లో మనమైనా అడగాలి, ఎందుకంటే ఈ పని మన ఇళ్లలోకి ఎప్పుడో వచ్చేసింది. దుకాణంలో కూర్చోలేని ఖాలాలు, ఫూఫీలు అచార్లు, అబాయాలు, మెహందీ కోన్లు పేజీల మీద అమ్మి ఇల్లు నెట్టుకొస్తున్నారు. ఆ పేజీలు నడిపేది ఇలాంటి పిల్లలే.

భాంజీ మిగిలిన వారంలో ఆ సహేలీ రీల్ మీద 'ఇది ప్రకటన, జోడా ఉచితంగా ఇచ్చారు' అని పెద్దక్షరాల్లో తెలుగులో, ఉర్దూలో రాసింది. కొత్తగా చూసేవాళ్లు సగానికి పడిపోయారు. దుకాణదారు పాస్‌వర్డ్ మార్చేశాడు. మార్కులు 20కి 12. తనకు ముట్టిన 1,500కి నేను మిగతాది కలిపి 4,200 భాభీకి పట్టుకెళ్లి ఇచ్చాం. వద్దు వద్దంటూనే తీసుకుంది.

మొన్న మా మొహల్లాలో ముఫ్త్ కంటి పరీక్షల క్యాంప్ ఉంటే గ్రూపులో పెట్టాను. కింద భాభీ మెసేజ్ వచ్చింది: "భాయ్‌సాబ్, ఇది ఖబరా, యాడా?"