పైకప్పు పట్టా చూసి ఆగదు

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిని నీరు ముంచెత్తి 17 మందిని పొట్టన పెట్టుకుంది. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు చనిపోయారు. వారిలో అధికారులూ ఉన్నారు. అందుకే ఈ సింగరేణి బొగ్గు ప్రాంతంలో మైనింగ్ పట్టా వెనక ఎంత చదువుందన్నది ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న.

ఆ పట్టాలిచ్చే విశ్వవిద్యాలయాలనూ, వాటిని నడిపే ప్రభుత్వాన్నీ నిలదీస్తున్నాం. 2010లో సెంటినరీ కాలనీలో జేఎన్‌టీయూ కళాశాల పెట్టారు. అడ్రియాల గనీ ఆ కాలనీ ఉన్న మండలంలోనే ఉంది. ఇంత దగ్గర బొగ్గుబాయి ఉన్న కాలేజీలు దేశంలో ఎన్ని? అయినా తెలంగాణ రాష్ట్ర వర్సిటీల్లో రెగ్యులర్ అధ్యాపక పోస్టులు చాలా వరకు ఏళ్లుగా ఖాళీ. కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకులతోనే నెట్టుకొస్తున్నారు. ఏటేటా కొనసాగింపు కోసం ఎదురుచూసే మనిషి సబ్జెక్టును మథించేదెప్పుడు?

మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుందని రాసి మార్కులు తెచ్చుకోవచ్చు. అది గాలికన్నా తేలిక కనుక పైకప్పు కిందే పేరుకుంటుందనీ, గాలి ఆడని మూలల్లో ముందు వెతకాలనీ, ఫ్యాన్ ఆగితే లెక్కంతా మారుతుందనీ తెలిసినవాడే ఇంజినీరు. లాంగ్‌వాల్ పద్ధతిలో సపోర్టులు ముందుకు జరిగాక వెనక పైపొర కూలుతూ రావాలి. కూలకుండా వేలాడితే ఆ బరువు సపోర్టుల మీద, ఎదుటి బొగ్గు మీద పడుతుంది. ఇది ఒంటబట్టేందుకు ఒక గైడు, నాలుగు ముఖ్యమైన ప్రశ్నలు చాలవు. ఉద్యోగ ఇంటర్వ్యూల్లో మాట్లాడే శిక్షణ మంచిదే. ఆ మాటల కింద చదువు ఉండాలి.

మేనేజర్ కావాలంటే గనిలో అనుభవం గడించి, గనుల భద్రతా సంస్థ డీజీఎంఎస్ పరీక్ష నెగ్గాలి కదా అంటారు. ఆ పరీక్ష వడపోస్తుంది, పునాది వెయ్యదు; అది కాలేజీ పని. ఇంజినీరింగ్ పట్టభద్రుడికి ఉండాల్సిన లక్షణాల్లో జాతీయ అక్రిడిటేషన్ బోర్డు ఎన్‌బీఏ మొదటగా చెప్పింది ఇంజినీరింగ్ పరిజ్ఞానాన్నే. ఇంజినీరింగ్ పట్టాలను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో 2014లో పూర్తి సభ్యత్వం పొందిన దేశం మనది.

ఈ గనులు నడిపే సింగరేణి సంస్థలో 51 శాతం వాటా రాష్ట్రానిదే, వర్సిటీలూ రాష్ట్రానివే. ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి ఎవరి అనుమతి కావాలి? విద్యార్థి ఒక సెమిస్టరంతా మైనింగ్ సర్దార్ వెంట, ఓవర్‌మన్ వెంట గనిలో దిగాలి. ప్రమాద విచారణల్లో తేలిన కారణాలు తరగతి గదికి రావాలి. కొత్తగూడెం మైనింగ్ కళాశాలను 2025లో ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ చేశారు. బోర్డు మార్చిన చేత్తోనే పోస్టులూ నింపండి, వచ్చే విద్యా సంవత్సరంలోపే.