వరద తగ్గింది, కుళాయి నీటి సంగతేమిటి?

2024 సెప్టెంబరు 1న విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తిన బుడమేరు వరద తగ్గుముఖం పట్టింది. కట్ట గండ్లను 7వ తేదీకి సైన్యం సాయంతో పూడ్చారు. ఫైరింజన్లతో ఇళ్లలోని బురద కడిగించారు. వైద్య శిబిరాలు పెట్టారు, క్లోరిన్ బిళ్లలు పంచారు. ఈ ఏర్పాట్లను మేము తక్కువ చేయడం లేదు. నీళ్లలో నడుచుకుంటూ మందుల సంచులు మోసినవారి రుణం, పారిశుద్ధ్య కార్మికుల రుణం తీరేది కాదు.

అయితే కలరా భయం వరదతోపాటే పోదు. కుళాయిలు మళ్లీ మొదలైనప్పుడే అసలు పరీక్ష. పైపులో నీటి ఒత్తిడి లేని వేళ చుట్టూ ఉన్న మురుగు పగుళ్ల గుండా లోపలికి చేరుతుంది. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో ఏ వరదా రాలేదు. తాగునీటిలో మురుగు కలిసింది, పది మందికి పైగా చనిపోయారు. కాబట్టి ట్యాంకులో ఎంత క్లోరిన్ వేశారన్నది కాదు, వీధి చివరి కుళాయిలో ఎంత మిగిలిందన్నది అధికారులు రోజూ ప్రకటించాలి. ముప్పున్న చోట లీటరుకు 0.5 మిల్లీగ్రాములు ఉండాలి. చుక్కల మందు వేసి నీటి రంగు చూసే ఆ పరీక్షకు పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. విరేచనాల కేసులన్నిటినీ 'అతిసారం' అని రాసుకుని ఊరుకోకుండా నమూనాలను పరీక్షకు పంపాలి. కలరా పేరెత్తడానికి జంకితే జాగ్రత్తలూ ఆలస్యమవుతాయి.

1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా ప్రబలింది. చేతిపంపు నీరే కారణమని డాక్టర్ జాన్ స్నో అన్నాడు. ఆ పేట సహాయ పాదిరి హెన్రీ వైట్‌హెడ్ నమ్మలేదు. అది తప్పని రుజువు చేయాలనే ఇంటింటికీ తిరిగాడు. తిరిగి తిరిగి, స్నో మాటే నిజమని ఒప్పుకున్నాడు. పంపు ఎదుటి ఇంట్లో జబ్బుపడిన పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు మరుగు గుంటలోంచి బావిలోకి ఊరాయని కనిపెట్టింది ఆయనే. ఇప్పుడు కూడా ఏ ఇంట్లో ఎవరు మంచాన పడ్డారో ఆరోగ్య శాఖ కంటే ముందు తెలిసేది సంఘ కాపరులకు, స్త్రీల సమాజం అక్కలకే. ఒకే వీధిలో ఇద్దరికి విరేచనాలైతే ఆ కబురు వెంటనే ఏఎన్‌ఎంకు చేరాలి.

మన సంఘాలు పంపే భోజన పొట్లాల గురించి కూడా ఒక మాట. ఉదయం వేడివేడిగా కట్టిన అన్నం సాయంత్రానికి ప్రమాదమే. బిస్కెట్లు, అరటిపళ్లు, సీలు వేసిన నీళ్లు మేలు. రోగిని ముందు మందిరానికి తెచ్చే అలవాటు కొన్నిచోట్ల ఉంది. కలరా కొన్ని గంటల్లోనే ప్రాణం తీయగలదు. 1971లో బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ కరువైనప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఎన్నో ప్రాణాలు నిలిపింది ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లతోనే. లీటరు శుభ్రమైన నీటిలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి పట్టిస్తూనే ఆసుపత్రికి బయలుదేరండి. ప్రార్థన ఆటోలో కూడా చేసుకోవచ్చు.

వరద నీరు చేరిన మందిరాల సంపులు ఈ శనివారమే ఖాళీ చేసి కడిగించండి. ప్రభు బల్ల అందించే పెద్దలు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే రొట్టె ముట్టుకోవాలి.