మేటి జాజ్ ఆల్బమ్ ఏదంటే...

ఏడాది చివర పత్రికల్లో మేటి జాజ్ ఆల్బమ్‌ల జాబితాలు వస్తుంటాయి. అవి చూసి 'మనకేం తెలుస్తుందిలే' అనుకోకండి! 1959లో అమెరికాలో డేవ్ బ్రూబెక్ బృందం 'టైమ్ ఔట్' తెస్తే చాలామంది విమర్శకులు పెదవి విరిచారు. శ్రోతలు మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. అందులోని 'టేక్ ఫైవ్' అయిదు లెక్కల్లో నడుస్తుంది. మన ఖండచాపు తెలిసినవాళ్లు ఆ లెక్క ఇట్టే పట్టేస్తారు. ఆ ఏడాదే వచ్చిన మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' రెండే రోజుల రికార్డింగుతో పూర్తయింది. దాన్ని ఈనాటికీ వింటున్నారు. కాబట్టి జాబితా చూసి తొందరపడొద్దు. నచ్చినదాన్ని నెలాగి మళ్లీ పెట్టండి. చేతిలో గరిటె పక్కన పెట్టి వినాలనిపించిందా? మీకు మేటి అదే!