చరిత్ర సినాప్సిస్‌లో ముందు ప్రశ్న ఉండాలి

చరిత్ర శాఖల ఆచార్యులకు, రీసెర్చ్ కమిటీ సభ్యులకు, పీహెచ్‌డీలో చేరిన, చేరబోతున్న విద్యార్థులకు విజ్ఞప్తి.

మన విశ్వవిద్యాలయాల్లో చరిత్ర పరిశోధనకు సమర్పించే సినాప్సిస్‌లు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టుంటున్నాయి. “స్వాతంత్ర్యోద్యమంలో ఆంధ్రుల పాత్ర, 1885–1947” అని శీర్షిక. మొదటి అధ్యాయం ఉపోద్ఘాతం, రెండోది జిల్లా భౌగోళిక స్వరూపం, చివరిది ముగింపు. లక్ష్యాల కింద “అధ్యయనం చేయుట”, “పరిశీలించుట”. ఇంతా చేసి ఆ విద్యార్థి ఏం తేల్చదలచుకున్నాడో ఎక్కడా కనపడదు. కమిటీలో కూడా చర్చంతా మార్జిన్ల మీద, పేజీల సంఖ్య మీద నడిచి సంతకాలు పడిపోతాయి. ఆ విద్యార్థి నాలుగైదేళ్ల జీవితం ఆ కాగితాల మీదే ఆధారపడి ఉంటుంది. ఈ పద్ధతి మారాలి.

అరవై ఏళ్ల ఉద్యమాన్ని ఒక్కరే మోయాలని చూస్తే పాత పుస్తకాల సారాంశమే మిగులుతుంది. అదే విద్యార్థి చీరాల–పేరాల దగ్గర ఆగాడనుకుందాం. 1919లో ఆ గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేశారు. పన్నులు పెరిగాయి. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన వేలాది మంది ఇళ్లు వదిలి, ఊరి బయట రామనగర్ అని పేరు పెట్టుకుని పాకల్లో నెలల తరబడి ఉన్నారు. ఇంతవరకు పాఠ్యపుస్తకంలోనే ఉంది. పరిశోధన ఆ తర్వాత మొదలవ్వాలి. అక్కడ పెద్దసంఖ్యలో ఉన్న చేనేతవాళ్లు మగ్గాలు ఏం చేశారు? నూలు ఎవరు అప్పిచ్చారు? ఊళ్లోనే ఉండిపోయినవాళ్లు ఎవరు, ఎందుకు ఉండిపోయారు? వీటిలో ఏ ఒక్కటి పట్టుకున్నా సిద్ధాంత గ్రంథానికి సరిపోతుంది. శీర్షికలో ఊరు, సంవత్సరాలు, ప్రశ్న మూడూ కనపడాలని మేం కోరేది ఇందుకే.

ప్రశ్న కుదిరితే ఆధారాలు ఎక్కడున్నాయో వెతకడం దానంతటదే మొదలవుతుంది. చీరాల అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గుంటూరు జిల్లాలో ఉండేది కాబట్టి ప్రభుత్వ ఉత్తర్వుల కోసం చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక పాత సంచికలు తిరగేయాలి. చీరాల పక్కనే వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం పాత పత్రికలకు పెట్టింది పేరు. అదే నిజాం రాజ్యం మీద పని చేసేవారికైతే హైదరాబాదు తార్నాకలోని ఆర్కైవ్సే దిక్కు. అక్కడ ఉర్దూ, పారశీకం చదవగలగాలి. తనకు ఏ భాష వచ్చో, ఏది నేర్చుకోవాలో సినాప్సిస్‌లోనే రాయమని ఎందరు గైడ్లు అడుగుతున్నారు? “ప్రైమరీ సోర్సులు: ఆర్కైవ్స్, వార్తాపత్రికలు” అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకోకూడదు. ఏ శాఖ ఫైళ్లు, ఏ పత్రిక, ఏ నెల నుంచి ఏ నెల దాకా, వాటిలో స్వయంగా చూసినవి ఏవి, ఇంకా చూడాల్సినవి ఏవి అన్నది విడివిడిగా రాయాలి.

ఫార్మాట్ ముఖ్యం కాదని మేం అనడం లేదు. చరిత్రలో ఫార్మాట్ అంటే రుజువు చూపించే పద్ధతి. స్థానిక రికార్డుల్లో తేదీలు తరచూ తెలుగు సంవత్సరాల్లో ఉంటాయి. ధాత అని మాత్రమే రాసి వదిలేస్తే అది 1876–77 కావచ్చు, 1936–37 కావచ్చు. మొదటిది రాయలసీమను ఊడ్చేసిన కరువు కాలం, రెండోది ప్రెసిడెన్సీలో ఎన్నికల ఏడాది. రెవెన్యూ రికార్డుల్లో వాడే ఫసలీ సంవత్సరాల లెక్కతో ఇంకో చిక్కుంది: మద్రాసు వైపు ఫసలీ ఏడాది జూలైలో మొదలైతే, హైదరాబాదులో అక్టోబరులో మొదలయ్యేది. అందుకని మూలంలో ఉన్న తేదీని ఉన్నట్టే రాసి, పక్కన ఇంగ్లీషు తేదీ ఇవ్వాలి. జీవో అయితే నంబరు, శాఖ, తేదీ, అది దొరికిన చోటు. పత్రిక అయితే తేదీ, పేజీ. ఇంకొకరి థీసిస్‌లోంచి తీసుకున్న జీవోను తానే చూసినట్టు ఫుట్‌నోట్‌లో పెట్టడం మోసం. కమిటీ దాన్ని అక్కడికక్కడే ఆపాలి.

మేం కోరుతున్నది ఇది. సినాప్సిస్ ఇవ్వకముందే విద్యార్థి కనీసం ఒక నెల ఆర్కైవ్స్‌లో కూర్చునేలా శాఖ సెలవు, పరిచయ లేఖ ఇవ్వాలి. తాను చదివిన ఒక్క పత్రాన్ని సినాప్సిస్‌కు జతచేసి, అది తన ప్రశ్నకు ఎలా పనికొస్తుందో ఒక పేజీలో చెప్పాలి. జిల్లా భౌగోళిక స్వరూపం ప్రశ్నకు అవసరమైతేనే ఉండాలి, లేకపోతే తీసేయాలి. పాత పరిశోధనల సమీక్షలో పుస్తకాల జాబితా కాకుండా ఎవరితో, ఎక్కడ ఏకీభవించడం లేదో రాయాలి. శోధ్‌గంగోత్రి వెబ్‌సైట్‌లో ఆమోదం పొందిన సినాప్సిస్‌లు అందరికీ కనపడుతున్నాయి. అదే అంశం మీద ముందే ఎవరైనా పని చేస్తున్నారేమో అక్కడ వెతికి చూశానని విద్యార్థి రాసివ్వాలి. తెలుగులో రాస్తానన్నవారిని చిన్నచూపు చూడకూడదు. ఊళ్లో ముసలివాళ్లు చెప్పినదాన్ని వాళ్ల మాటల్లోనే నమోదు చేయగలిగేది వీళ్లే.

ఇక కమిటీలు. సభ్యులు తమ అభ్యంతరాలను నోటితో చెప్పి ఊరుకోకుండా రాతపూర్వకంగా ఇవ్వాలి. అందులో మొదటి పేరా ప్రశ్న గురించి, రెండోది ఆధారాల గురించి ఉండాలి. ఫాంటు, మార్జిన్ల సంగతి చివర్లో రాయవచ్చు. ఏ శాఖ అయినా సరే, వచ్చే అడ్మిషన్ల బ్యాచ్‌తోనే దీన్ని మొదలుపెట్టవచ్చు. శాఖాధిపతి ఒక సర్క్యులర్ ఇస్తే చాలు.