వేరు పీకితే చాలదు, గింజ మచ్చ కూడా మిగలకూడదు

ఈమధ్య ఒక సభలో ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని మనకు హితబోధ చేశాడు. "అంబేద్కర్ గారు మహానుభావుడే గానీ, అనిహిలేషన్ అనే మాట మరీ ఘాటుగా ఉందండీ. సంస్కరణ అంటే సరిపోయేది" అన్నాడు. మనాళ్లు కొందరు తలూపారు కూడా. అందుకే ఈ నాలుగు ముక్కలు.

అసలా మాట ఎక్కడిది? లాటిన్‌లో 'నిహిల్' అంటే ఏమీ లేకపోవడం. అందులోంచే అనిహిలేషన్ పుట్టింది, అంటే శూన్యం చెయ్యడం. ఆ నిహిల్ కడుపులో ఇంకో చిన్న మాటుంది, 'హైలమ్'. అది చిక్కుడు గింజ మీది మచ్చ అని పాత రోమన్ పండితులు చెప్పారు. వృక్షశాస్త్రంలో ఇప్పటికీ గింజ మచ్చకి అదే పేరు. గింజ మచ్చంత కూడా మిగలకపోవడం, అదీ నిహిల్!

మనం 'నిర్మూలన' అంటున్నాం. మూలం అంటే వేరు. మంచి మాటే. కానీ కలుపుకెళ్లే మన ఆడవాళ్లనడగండి, తుంగ పీకితే పోద్దా అని. కింద గడ్డ ఉంటే వానకి మళ్లీ లేస్తది. కులం కూడా అంతే. సహపంక్తి భోజనాలు పైపైన కోసిన గడ్డి. గడ్డ ఎక్కడుంది? కులాన్ని పవిత్రం చేసిన శాస్త్రాల్లో ఉంది, వాటిని నమ్మే బుర్రల్లో ఉంది. బాబాసాహెబ్ చెయ్యి పెట్టింది అక్కడే.

అందుకే లాహోర్ వాళ్లు బెదిరారు. జాత్-పాత్-తోడక్ మండల్ అంటే కులాన్ని విరగ్గొట్టే సంఘం. పేరు పెద్దదే! 1936లో పిలిచినోళ్లే ఉపన్యాసం చదివి, వేదాల మీది మాటలు తీసెయ్యమన్నారు. ఒక్క కామా కూడా మార్చనన్నాడాయన. సభ రద్దయింది. ఆయన సొంత డబ్బుతో పుస్తకం అచ్చేశాడు.

ఇక ఘాటు సంగతి. ఆ మాట ఏ మనిషినీ చంపమనలేదు, కులాన్ని చంపమంది. మరి మనుషుల్ని చంపిందెవరు? 1985 జూలై 17న కారంచేడులో ఎవరు ఎవర్ని తరిమి నరికారు? 1991 ఆగస్టు 6న చుండూరులో ఎవరి శవాలు గోనెసంచుల్లో కాలవలో తేలాయి? 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఎనిమిది శవాలు, నేరస్తులు శూన్యం! మాట ఘాటుగా ఉందన్న పెద్దమనిషికి ఈ శూన్యం ఘాటనిపించలేదా?

చివరిగా మనాళ్లతో ఒక మాట. గింజ వాళ్ల గాదెలోనే లేదు, మన కొంగు ముడిలోనూ ఉంది. మాలాడి పెళ్లిలో మాదిగోడికి, మాదిగోడి ఇంట్లో రెల్లోడికి వేరే పీట వేసిన రోజున మనమూ ఆ గింజకి నీళ్లు పోస్తున్నట్టే. గోడమీద అంబేద్కర్ పటం పెట్టి ఇంట్లో మను చెప్పినట్టు నడిస్తే ఎట్టా?

సంస్కరణ వాళ్ల మాట. అనిహిలేషన్ మన మాట. ఘాటు తగ్గించుకునేది లేదు.

జై భీం!