జింకల జబ్బు: వచ్చాక వెతికితే లాభం లేదు

ఆనేకల్ తాలూకాలోని బన్నేరుఘట్ట జూలో 2023 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఏడు చిరుత కూనలు ఒకదాని వెనుక ఒకటి చనిపోయాయి. పిల్లులకు సోకే ఫీలైన్ పాన్‌ల్యూకోపీనియా వైరస్ వాటిని బలి తీసుకుంది. టీకాలు వేసిన కూనలే అవి. అదే సమయంలో చుక్కల దుప్పులూ రాలిపోవడం మొదలైంది. బెంగళూరు నగరంలో ఒక ఆస్పత్రి ఆవరణలో పెరిగిన జింకల మందను అంతకు కొద్ది రోజుల ముందే అక్కడికి తరలించారు. వాటిలో పదికి పైగా చనిపోయాయి. ప్రయాణపు బెదురు, కొత్త మందలో కుమ్ములాటలు, పేగుల్లో బ్యాక్టీరియా అని అధికారులు కారణాలు చెప్పారు.

ఆ కారణాలన్నీ పశువైద్యులకు ఏనాడో తెలిసినవే. అయినా అన్ని ప్రాణాలు పోయాయి. జింకను పట్టి లారీ ఎక్కించడం ఎంత ప్రమాదమో ఆనేకల్ అలా చూసింది. ప్రపంచంలో జింకల జాతినే కలవరపెడుతున్న మరో జబ్బు దేశాలు దాటిందీ ఈ దారిలోనే. దాని పేరు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. జింక నెలల తరబడి చిక్కిపోతూ, తల వేలాడేసి, చొంగ కార్చుకుంటూ, మందలో కలవక తిరుగుతూ చనిపోతుంది. మందు లేదు, టీకా లేదు, సోకిన జింక బతికి బట్టకట్టదు. భారతదేశంలో ఇంతవరకు ఒక్క కేసూ నమోదు కాలేదు. దాని గురించి మాట్లాడాల్సిన సమయం ఇదే.

అమెరికాలో కొలరాడో రాష్ట్రం ఫోర్ట్ కాలిన్స్‌లోని పరిశోధన కేంద్రంలో 1967లో కంచె లోపలి మ్యూల్ డీర్ జింకలు ఇలా చిక్కిపోవడం గమనించారు. దాణా సరిపడటం లేదేమో, పెంపకంలో లోపమేమో అనుకుంటూ ఏళ్లు గడిపారు. ఎలిజబెత్ విలియమ్స్ అనే పశువైద్య శాస్త్రవేత్త చనిపోయిన జింకల మెదడును మైక్రోస్కోపు కింద పరిశీలించి, కణజాలం నిండా చిల్లులు చూసి, ఇది మెదడును తినేసే జబ్బుల కోవలోదని తేల్చింది 1978లో. రోజూ జింకలను కళ్లెదుట ఉంచుకున్న శాస్త్రవేత్తలకే పదకొండేళ్లు పట్టింది. మరో మూడేళ్లకు, 1981లో, అదే రాష్ట్రంలో అడవిలో తిరిగే ఎల్క్ అనే పెద్ద జింకలో జబ్బు బయటపడింది. ఇవాళ అమెరికాలో 30కి పైగా రాష్ట్రాల్లో ఉంది. 2023 నవంబరులో ఎల్లోస్టోన్ జాతీయ పార్కులోనూ దొరికింది.

దీనికి కారణం వైరస్ కాదు, బ్యాక్టీరియా కాదు. ప్రియాన్ అనే వంకర తిరిగిన ప్రోటీన్. ఒంట్లో మామూలుగా ఉండే ప్రోటీన్‌ను అది తాకి తనలాగే మార్చేస్తుంది; గిన్నెడు పాలను చెంచాడు తోడు పెరుగు చేసినట్టు. జింక పైకి ఆరోగ్యంగా కనిపిస్తున్న నెలల్లోనే లాలాజలం, మూత్రం, పేడ ద్వారా ప్రియాన్లు నేలలో పడతాయి. బంకమట్టికి అతుక్కుని ఏళ్ల తరబడి చెడకుండా ఉంటాయి. దీనికి దగ్గరి చుట్టమైన స్క్రేపీ అనే గొర్రెల జబ్బు ఐస్‌లాండ్‌లో ఒక గొర్రెల కొట్టంలో 16 ఏళ్ల తర్వాత కూడా సోకే స్థితిలోనే ఉన్నట్టు తేలింది. జబ్బు పడ్డ జింకను కాల్చి పడేసినా అది మేసిన నేల మిగిలే ఉంటుంది.

ఇక ప్రయాణం సంగతి. కెనడాలోని సస్కాచివాన్ ఎల్క్ ఫారాలకు ఈ జబ్బు అమెరికా నుంచి కొన్న జంతువులతో చేరింది. అదే కెనడా నుంచి ఎల్క్‌లను కొన్న దక్షిణ కొరియాలో 2001లో బయటపడింది. మహాసముద్రం దాటింది రోగం మోసిన గాలి కాదు, అమ్మకపు రసీదుతో వచ్చిన జంతువే. నార్వేలో 2016లో అడవి రెయిన్‌డీర్‌లో కనిపించినప్పుడు అక్కడి ప్రభుత్వం గుండె రాయి చేసుకుని, నార్డ్‌ఫ్యెల్లా ప్రాంతంలోని మందను, 2,000కు పైగా జంతువులను, 2018 నాటికి మొత్తం తుడిచిపెట్టింది. అంత కఠిన నిర్ణయం తీసుకోవాల్సిన స్థితి మన దేశంలో రానివ్వకూడదు.

అడవికి కలిగే నష్టం జింకతో ఆగదు. అమెరికాలోని వయోమింగ్‌లో ఒక మ్యూల్ డీర్ మంద ఈ జబ్బు వల్ల ఏడాదికి 21 శాతం చొప్పున తరిగిపోతోందని 2017లో వచ్చిన అధ్యయనం చెప్పింది. కొలరాడోలో ప్యూమాలు (కొండసింహాలు) రోగం పట్టిన జింకలనే ఎక్కువగా వేటాడాయి. చురుకు తగ్గిన జింక తేలిగ్గా దొరుకుతుంది. మన అడవిలో ఆ స్థానం చిరుతది, రేసుకుక్కది, పెద్దపులిది. జింకలు తగ్గితే చిరుత ఊరి దారి పడుతుంది. ఆనేకల్ వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరులో ఎలక్ట్రానిక్ సిటీ టోల్‌గేటు దగ్గరే చిరుత కనిపించింది. అడవిలో ఆహారం ఉన్న రోజుల్లో పరిస్థితి ఇది.

బన్నేరుఘట్ట జాతీయ పార్కు విస్తీర్ణం సుమారు 260 చదరపు కిలోమీటర్లు. దాని చుట్టూ ఉండాల్సిన రక్షణ వలయాన్ని 2016 ముసాయిదాలో 268.96 చదరపు కిలోమీటర్లుగా చూపి, 2020 తుది నోటిఫికేషన్‌లో 168.84కు కుదించారు. ఒకవైపు జిగణి, బొమ్మసంద్ర కర్మాగారాలు, మరోవైపు రాగి చేలు, క్వారీలు. ఊరి ఆవులు మేతకు వెళ్లే అడవి అంచుల్లోనే దుప్పులూ మేస్తాయి. గాలికుంటు, గొంతువాపు లాంటి జబ్బులు అలాంటి చోటే అటూ ఇటూ మారతాయి. గొంతువాపు ఎంత వేగంగా చంపుతుందో 2025 నవంబరులో బెళగావి దగ్గర జూలో చూశాం. కొద్ది రోజుల్లో 31 కృష్ణజింకలు పోయాయి.

ఇన్ని జబ్బులు కళ్లెదుట ఉండగా దేశంలో లేని జబ్బు గోల ఎందుకని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ లేదని చెప్పాలంటే వెతికి ఉండాలి. చిక్కిపోయి చచ్చిన జింకకు ముసలితనం అనో, కడుపులో పురుగులనో, ప్లాస్టిక్ అనో రాసి ఫైలు మూసేయడం తేలిక. ఈ జబ్బును పట్టేది మెదడు కాండం అడుగున ఉండే ఓ చిన్న ముక్క, గొంతు వెనుక ఉండే లింఫ్ గ్రంథులు. పోస్ట్‌మార్టం బల్ల మీద జింక ఎలాగూ ఉన్నప్పుడు ఆ రెండూ తీసి భద్రపరచడానికి పెద్ద ఖర్చేమీ కాదు. మెదడు నమూనా చేతిలో ఉంటే రేబిస్ పరీక్షకూ పనికొస్తుంది. మనకు ప్రియాన్ జబ్బులు బొత్తిగా కొత్తవీ కావు: హిమాలయ పాద ప్రాంతాల గొర్రెల్లో స్క్రేపీ ఉందని 1961లోనే పరిశోధన పత్రం వచ్చింది. పైగా మొరిగే జింకకు దగ్గరి బంధువైన చైనా జాతికి ప్రయోగశాలలో ఈ జబ్బు సోకింది. నైపుణ్యం లేదనీ అనలేం. 2021లో హైదరాబాద్ నెహ్రూ జూలో ఎనిమిది సింహాలకు కోవిడ్ సోకిందని నిర్ధారించింది సీసీఎంబీ శాస్త్రవేత్తలే.

దీన్ని ‘జాంబీ జింకల జబ్బు’ అంటూ వీడియోలు చేసేవాళ్లు మేలు చేయడం లేదు. మనిషికి ఇది సోకినట్టు ఇంతవరకు ఒక్క కేసూ నిర్ధారణ కాలేదు. భయం రెండు రోజుల్లో చల్లారుతుంది. నిఘా అలా చల్లారకూడదు.

బన్నేరుఘట్ట అడవి తళి, హొసూరు అడవులతో కలుస్తుంది. ఆ దారినే 1980లలో ఏనుగులు కుప్పం, పలమనేరు వైపు వచ్చి కౌండిన్య అభయారణ్యంలో స్థిరపడ్డాయి. కాబట్టి ఇది ఒక్క కర్ణాటక బాధ్యతగా మిగలకూడదు. కర్ణాటక, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖలు మూడు పనులు కలిసి మొదలుపెట్టాలి. చనిపోయిన ప్రతి పెద్ద జింక మెదడు నమూనాను పరీక్షకు పంపాలి. జూ నుంచి జూకు, జూ నుంచి అడవికి వెళ్లే ప్రతి జింకనూ విడిగా ఉంచి చూశాకే మందలో కలపాలి. విదేశాల నుంచి జింక జాతి జంతువులను, వాటి మూత్రంతో చేసిన ఎరలను రానివ్వకూడదు. పరీక్షల ఫలితాలు ఏటా బయటపెట్టాలి, ‘ఏమీ దొరకలేదు’ అన్న ఫలితమైనా సరే.